గీత ముందు, నేల తరవాత

నెదర్లాండ్స్‌లో ఏం చూడాలని అడిగితే ఎవరైనా ఆమ్‌స్టర్‌డామ్ కాలవలు, ట్యూలిప్ తోటలు, గాలిమరలు అంటారు. నేను మా అక్కని అడిగింది నోర్డోస్ట్‌పోల్డర్ చూపించమని. అక్క ఆ దేశంలో ఉద్యోగం చేస్తూ చాలా ఏళ్ళుగా ఉంటోంది. అయినా ఆ పేరు చెప్పగానే "అక్కడేముందిరా, ఉల్లిపాయల పొలాలు తప్ప!" అంది.

నాక్కావలసింది ఆ పొలాలే. డిగ్రీలో మానవ భూగోళశాస్త్రం చదివేటప్పుడు బట్టీపట్టిన మాటలు చాలా ఉన్నాయి. సాంస్కృతిక భూదృశ్యం, కేంద్ర స్థల సిద్ధాంతం, వ్యాప్తి, ప్రాదేశికత. పరీక్ష గట్టెక్కడానికి పనికొచ్చాయి, ఆ తరవాత ఎక్కడా ఎదురుపడలేదు. వాటిని నేల మీద చూడాలంటే, ముందు కాగితం మీద గీతలు గీసుకుని ఆ తరవాత నేలని తయారుచేసుకున్న చోటికే వెళ్ళాలి. అలాంటి చోట్లు ప్రపంచంలో ఎన్నో లేవు.

లేలీస్టాడ్ దాటి ఏ6 హైవే మీద ఉత్తరానికి వెళ్తే కేటెల్‌బ్రుగ్ అనే వంతెన వస్తుంది. వంతెన దిగుతుంటే రోడ్డు ఇంకా ఇంకా కిందికి పోతున్నట్టే ఉంటుంది. వెనక్కి తిరిగి చూస్తే గట్టు, గట్టు మీదుగా ఒక పడవ తెరచాప పైభాగం. నీళ్ళు మనకంటే ఎత్తులో ఉన్నాయని అప్పుడు తెలుస్తుంది. 1942 దాకా ఈ నోర్డోస్ట్‌పోల్డర్ అంతా నీళ్ళ అడుగునే ఉండేది. జుయ్‌డర్‌జే అనే ఉప్పునీటి పాయ దేశం మధ్యదాకా చొచ్చుకొచ్చి ఉండేది. 1916లో పెద్ద వరద వచ్చాక, ఇంజనీరు కార్నెలిస్ లేలీ ఎప్పటినుంచో చేతిలో పట్టుకు తిరుగుతున్న ప్రణాళికకి మోక్షం కలిగింది. 1932లో 32 కిలోమీటర్ల అడ్డుకట్టతో పాయ మూతి మూసేశారు. లోపలి నీళ్ళు మెల్లగా మంచినీళ్ళయ్యాయి. ఆ సరస్సులో ఒక్కో ముక్కకి గట్టు కట్టి, నీళ్ళు తోడేసి, కొత్త నేల తీశారు. దాన్నే పోల్డర్ అంటారు.

ముందుగా స్కోక్లాండ్‌కి వెళ్ళాం. చదునైన పొలాల మధ్య పొడుగ్గా, సన్నగా, చెట్లతో కాస్త ఎత్తుగా ఉన్న దిబ్బ. ఇది ఒకప్పుడు దీవి. చుట్టూ సముద్రం కొట్టి కొట్టి నేలని తినేస్తుంటే, జనం మట్టిదిబ్బల మీదికి జరుగుతూ జరుగుతూ బతికారు. చివరికి బీదరికం, ముంపు రెండూ మితిమీరాయి. 1859లో మూడో విలియం రాజు ఆజ్ఞతో దాదాపు 650 మందిని ఖాళీ చేయించారు. వాళ్ళు ఇళ్ళు విప్పుకుని, పనికొచ్చే సామాను తీసుకుని, ఎదుటి ఒడ్డున ఉన్న కాంపెన్, వొలెండామ్ లాంటి ఊళ్ళకి వెళ్ళిపోయారు. వలసలో ఎక్కువమంది దగ్గరి చోటికే పోతారని ఇంగ్లండ్‌లో రావెన్‌స్టైన్ అనే భూగోళ శాస్త్రవేత్త 1885లో జనగణన లెక్కలు ముందేసుకుని రాశాడు. స్కోక్లాండ్ వాళ్ళు అంతకు పాతికేళ్ళ ముందే ఆ పని చేసి చూపించారు.

దీవి ఉత్తరపు కొసన పాత రేవు ఉంది. ఈ యాత్ర మొత్తంలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది అదే. నల్లబడ్డ చెక్క దుంగలు వరసగా పాతి ఉన్నాయి. అలల దెబ్బ తగలకుండా కట్టిన కట్టడం, పడవలు లోపలికి వచ్చే దారి, దారిచూపే మనిషి ఉండే ఇల్లు, అన్నీ పునరుద్ధరించి ఉంచారు. లేనిది నీళ్ళే. పడవలు ఆగాల్సిన చోట గడ్డి. అక్క దుంగ మీద చెయ్యిపెట్టి అవతలికి చూసి, "ట్రాక్టర్ వస్తోంది, రేవులో లంగరేస్తుందేమో" అంది.

స్థానం వేరు, పరిస్థితి వేరు అని పుస్తకంలో చదివినప్పుడు ఇదేం గొడవ అనిపించేది. ఒక చోటు ఎక్కడుంది అనేది ఒక ప్రశ్న. చుట్టుపక్కల వాటితో దానికి సంబంధమేమిటి అనేది ఇంకో ప్రశ్న. స్కోక్లాండ్ అక్షాంశ రేఖాంశాలు వెంట్రుకవాసి కూడా మారలేదు. కానీ పడవలో తప్ప చేరలేని చోటు ఇప్పుడు కారు, సైకిల్ దారిలో ఉంది. తన చోటునుంచి కదలకుండానే ఒక ఊరి బతుకు తలకిందులైపోవచ్చు. కొత్తగా బైపాస్ పడ్డ ఊరు, గనులు మూతబడ్డ పట్నం, రైలు ఆగడం మానేసిన స్టేషన్, అన్నిటిదీ ఇదే కథ.

1995లో యునెస్కో స్కోక్లాండ్‌ని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది. నెదర్లాండ్స్ నుంచి ఆ జాబితాలోకి ఎక్కిన మొదటి చోటు ఇదే. చూడ్డానికి పెద్ద భవనం గాని, శిల్పం గాని ఉండవు. చిన్న చర్చి, మ్యూజియం, గడ్డి. దాని విలువ పొరల్లో ఉంది. మంచుయుగం తోసుకొచ్చిన రాళ్ళు, చరిత్రపూర్వ మానవుల ఆనవాళ్ళు, దీవివాసుల మట్టిదిబ్బలు, వాటి చుట్టూ 20వ శతాబ్దపు సరళరేఖల పొలాలు. అమెరికన్ భూగోళ శాస్త్రవేత్త కార్ల్ సావర్ 1925లో చెప్పిన మాట అదే: ప్రకృతి ముడిసరుకు, సంస్కృతి దాని మీద పనిచేసే చెయ్యి, చివరికి కళ్ళకి కనిపించేది సాంస్కృతిక భూదృశ్యం. నాలుగేళ్ళ తరవాత డెర్వెంట్ విటిల్‌సీ ఇంకో మెట్టు వేశాడు. ఒకే చోట ఒకరి తరవాత ఒకరు కాపురం చేసి వెళ్తుంటారు, ప్రతి ఒక్కరూ ఎంతో కొంత వదిలిపోతారు అన్నాడు. నీళ్ళు తోడేశాక ఇక్కడి పొలాల్లో వందలకొద్దీ ఓడల శిథిలాలు బయటపడ్డాయట. నాగలికి ఓడ తగిలే నేల ఇది.

అక్కణ్ణుంచి ఎమ్మెలోర్డ్. విచిత్రమేమిటంటే ఆ పేరు స్కోక్లాండ్‌లో ఖాళీ చేయించిన ఊరిదే. నేల కొత్తదైనా పేరు పాతదే పెట్టుకున్నారు. పోల్డర్ సరిగ్గా మధ్యలో మూడు పెద్ద కాలవలు కలిసేచోట ఈ పట్నం, దగ్గర్లో 65 మీటర్ల నీళ్ళ టవరు. చుట్టూ వలయంలా పది ఊళ్ళు. మ్యాప్‌లో చూస్తే ఎవరో కంపాస్ పెట్టి గీసినట్టే ఉంటుంది, నిజంగా అలాగే గీశారు కూడా.

జర్మనీలో వాల్టర్ క్రిస్టాలర్ 1933లో కేంద్ర స్థల సిద్ధాంతం ప్రతిపాదించాడు. ఊళ్ళు ఎక్కడపడితే అక్కడ మొలవవు, వాటికో లెక్క ఉంటుందన్నాడు. రొట్టెల కొట్టు నడవడానికి కొద్దిమంది చాలు, వాళ్ళు కూడా రొట్టె కోసం దూరం పోరు. ఆస్పత్రికి, కోర్టుకి వేలమంది కావాలి, వాటికోసం ఎంత దూరమైనా పోతారు. అందుకే చిన్న ఊళ్ళు చాలా, వాటి మధ్య పెద్ద ఊరు ఒకటి. ఈ లెక్క కుదరాలంటే నేలంతా చదునుగా ఉండాలి, సారం అంతటా ఒకేలా ఉండాలి, జనం సమానంగా పరుచుకుని ఉండాలి. అలాంటి నేల లోకంలో లేదని ప్రతి విద్యార్థీ వెక్కిరిస్తాడు. డచ్చివాళ్ళు ఆ నేలని తయారుచేసిపెట్టారు! పొలాలు కూడా ఎక్కువగా ఒకే కొలత, 800 మీటర్లు బై 300. ఈ పోల్డర్ గీసినవాళ్ళ మీద క్రిస్టాలర్ ప్రభావం ఎంత అన్నది పండితులు వాదించుకునే విషయమే గాని, పాఠ్యపుస్తకాలు మాత్రం ఉదాహరణకి ఇక్కడికే వస్తాయి. ఇదే క్రిస్టాలర్ తరవాత నాజీల కొలువులో చేరి, ఆక్రమించిన పోలండ్‌లో జనాన్ని తీసేసి కొత్త ఊళ్ళు ఎక్కడ పెట్టాలో ప్లాన్లు వేశాడు. జామెట్రీ చూసి మురిసిపోయే ముందు ఆ సంగతి కూడా తెలిసి ఉండాలి.

ఊళ్ళ మధ్య దూరాన్ని ఇక్కడ సైకిల్‌తో కొలిచారు. పొలంలో పనివాడు ఊరికి, ఊరివాడు పట్నానికి సైకిల్ మీద వెళ్ళిరాగలగాలి. అది కాళ్ళతో తెలుసుకుందామని ఎమ్మెలోర్డ్ నుంచి నాగెలే దాకా తొక్కాం. దూరం ఎక్కువేం కాదు. కానీ సిద్ధాంతంలో గాలి ఉండదు. ఇక్కడ మాత్రం ఎదురుగాలి ఛాతీ మీద చెయ్యిపెట్టి వెనక్కి తోస్తుంది. ప్రతి రైతు ఇంటి చుట్టూ మూడువైపులా చెట్లు దట్టంగా ఎందుకు పెంచారో సగం దారిలోనే అర్థమైపోయింది. "దూరం ఒక్కటే లెక్క కాదురా, ఏ దిక్కుకి పోతున్నామన్నది కూడా చూడాలి" అని అక్క ముందునుంచి అరిచింది. అప్పటికి నాకు జవాబు చెప్పే ఊపిరి లేదు.

ప్లాన్‌ని దెబ్బకొట్టింది గాలి కాదు, కారు. ఊళ్ళు కట్టి కుదురుకునేలోపే ఇంటింటికీ కార్లొచ్చాయి. పొలాల్లోకి యంత్రాలొచ్చి కూలీల అవసరం తగ్గింది. చిన్న ఊరి కొట్టు దాటుకుని జనం నేరుగా ఎమ్మెలోర్డ్‌కే పోవడం మొదలెట్టారు. పట్నం ఇప్పుడు 25 వేలు దాటింది, చుట్టూ ఉన్న ఊళ్ళలో చాలావాటికి సొంత కొట్టు నిలబెట్టుకోవడమే గగనం. పది ఊళ్ళు ఎక్కువైపోయాయని ఇప్పుడు తేలిగ్గా అనేయొచ్చు. గీసినవాళ్ళ కళ్ళముందు ఉన్నది మాత్రం సైకిల్ కాలమే.

నాగెలే వేరే రకం. 1950ల్లో ఆధునిక వాస్తుశిల్పులు కలిసి గీసిన ఊరు, రీట్‌ఫెల్డ్ లాంటివాళ్ళు అందులో ఉన్నారు. అన్ని ఇళ్ళకీ బల్లపరుపు కప్పులే. మధ్యలో పెద్ద పచ్చిక మైదానం, దాని చుట్టూ మూడు బళ్ళు, మూడు చర్చిలు. ఒక్క బడి చాలే అంత ఊరికి మూడెందుకు? అప్పటి డచ్ సమాజం అలా ఉండేది. కాథలిక్కులకి ఒకటి, ప్రొటెస్టెంట్లకి ఒకటి, ఏ మతం పట్టింపూ లేనివాళ్ళకి ఒకటి. పత్రికలు వేరు, రేడియోలు వేరు, ఆటల క్లబ్బులు వేరు. సముద్రపు అడుగున తీసిన కొత్త నేలలో కూడా ఆ పాత విభజనకి ప్లాట్లు కేటాయించి మరీ చోటిచ్చారు. కప్పులు ఎంత ఆధునికంగా గీసినా, కింద సమాజం పాతదే. ఇప్పుడు ఒక చర్చి భవనంలో మ్యూజియం నడుస్తోంది.

ఒక ఇంటి ముందు కలుపు తీస్తున్న పెద్దావిడ అక్కతో డచ్చిలో మాటలు కలిపింది. ఆవిడ తల్లిదండ్రులు మొదటి తరం. కొత్త పొలాలు ప్రభుత్వానివి, కౌలుకి ఇచ్చేవాళ్ళు. కావాలంటే దరఖాస్తు పెట్టుకోవాలి, సేద్యం అనుభవం చూపించాలి, చేతిలో డబ్బుందని నిరూపించాలి. ఆ పైన ఒక అధికారి ఇంటికొచ్చి ఇల్లాలు ఇంటిని ఎలా ఉంచుతుందో కూడా చూసేవాడు. "మా అమ్మ ముందురోజు రాత్రంతా అలమారలు సర్దింది. ఆయన వాటిని తెరిచి కూడా చూడలేదు. ఆ కోపం అమ్మకి చచ్చేదాకా పోలేదు" అందావిడ. ఆ గుమ్మం, ఆ గులాబీ పొదలు, ఎదురింటి కిటికీ చూపిస్తూ ఎవరు ఎప్పుడు వచ్చారో, ఎవరి పిల్లలు వెళ్ళిపోయారో గుక్కతిప్పుకోకుండా చెప్పింది. ఖాళీ జాగాకి మనిషి అనుభవం చేరితేనే అది చోటు అవుతుందని భూగోళ శాస్త్రవేత్త యీ-ఫు టువాన్ అంటాడు. క్లాసులో కవిత్వంలా వినిపించిన ఆ మాట, ఆవిడ ముందు నిలబడితే మామూలు విషయంలా వినిపించింది.

ఉర్క్‌కి మేం వెళ్ళింది ఆదివారం. తెలిసిన వాళ్ళెవరూ ఆదివారం వెళ్ళరట. కొట్లు లేవు, హోటళ్ళు లేవు, వీధుల్లో నల్లబట్టలేసుకుని చర్చికి నడిచే కుటుంబాలు తప్ప ఎవరూ లేరు. మధ్యాహ్నం దాకా మాకు దొరికింది కార్లో ఉన్న బిస్కెట్లే. ఉర్క్ కూడా స్కోక్లాండ్ లాగే ఒకప్పటి దీవే. 1939లో పోల్డర్ కట్ట వచ్చి తాకింది, తరవాత పక్కన సముద్రం పోయి పొలం వచ్చింది. ఇక చేపలవేట ఆగిపోతుంది, వీళ్ళు కూడా రైతులో కూలీలో అవుతారని పైవాళ్ళు లెక్కవేశారు. వీళ్ళు అవలేదు. పెద్ద పడవలు కొనుక్కుని ఉత్తర సముద్రానికి పోవడం మొదలెట్టారు. పడవలు వేరే రేవుల్లో ఆగుతాయి, చేపలు లారీల్లో ఇక్కడి వేలానికి వస్తాయి. సముద్రం దూరమైపోయినా చేపల వ్యాపారం ఊరు వదల్లేదు. పనితనం, బంధుత్వాలు, నమ్మకం ఒకచోట కుదురుకున్నాక, అవి మొదట అక్కడ ఎందుకు పుట్టాయో ఆ కారణం పోయినా అంత తేలిగ్గా కదలవు.

యాస కూడా అంతే. పక్క పోల్డర్ జనం దేశం నలుమూలల్నుంచి వచ్చినవాళ్ళు కాబట్టి అక్కడ ప్రామాణిక డచ్చి నడుస్తుంది. కొన్ని కిలోమీటర్ల ఇవతల ఉర్క్ యాస అక్కకి సగమే అర్థమైంది. కొత్త పద్ధతులు అలలాగా దగ్గరి చోటినుంచి దూరానికి పాకుతాయని స్వీడన్‌కి చెందిన హాగర్‌స్ట్రాండ్ 1953లో నమూనాలు గీసి చూపించాడు. ఆయనే అడ్డంకుల గురించీ చెప్పాడు. ఉర్క్‌లో నీటి అడ్డు తొలగి ఇన్ని దశాబ్దాలైనా, చర్చి, పెళ్ళిళ్ళు, వృత్తి కట్టిన అడ్డు నిలిచే ఉంది. ఒడ్డున గౌనుతో నిలబడి నీళ్ళకేసి తిరిగి చూసే స్త్రీ విగ్రహం ఉంది. చుట్టూ పలకల మీద వేటకెళ్ళి తిరిగిరానివాళ్ళ పేర్లు. ఇంటిపేర్లు అవే మళ్ళీమళ్ళీ వస్తుంటాయి. కొన్ని పేర్ల పక్కన వయసు పద్నాలుగు, పదిహేను.

ఊరి పక్కనే ఫిస్సెరింగ్ పంపుల కేంద్రం. ఇలాంటివి ఈ పోల్డర్‌కి మూడున్నాయి. దేవుడు ప్రపంచాన్ని చేస్తే డచ్చివాళ్ళు నెదర్లాండ్స్‌ని చేసుకున్నారని సామెత. మనిషి జీవితాన్ని ప్రకృతే శాసిస్తుందన్న పాత నియతివాదం మీద ఫ్రెంచి భూగోళ శాస్త్రవేత్త విడాల్ డి లా బ్లాష్, ఆయన శిష్యులు గెలిచారని చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. ప్రకృతి అవకాశాలే చూపిస్తుంది, ఎంచుకునేది మనిషి అని వాళ్ళ వాదం. నాకు మాత్రం పంపులు చూశాక ఆ గెలుపు మీద కొంచెం అనుమానం వచ్చింది. ఎంచుకోవడం ఒక్కసారితో అయిపోలేదు, రోజూ కరెంటు బిల్లు కడుతూ ఎంచుకుంటూనే ఉండాలి. 1945 ఏప్రిల్‌లో వెనక్కి తగ్గుతున్న జర్మన్ సైన్యం వీరింగర్‌మేర్ అనే పోల్డర్ కట్ట పేల్చేసింది. ఊళ్ళకి ఊళ్ళు నీళ్ళలో మునిగాయి. దాన్ని మళ్ళీ తోడి ఆరబెట్టేసరికి సంవత్సరాఖరైంది.

మర్నాడు దక్షిణంగా బెల్జియం సరిహద్దు దాకా పోయాం. దారి మామూలు హైవే, చెప్పుకోవడానికేం లేదు. బార్లే అనే ఊరు మాత్రం చెప్పుకోవాల్సిందే. ఇక్కడ నేల ఎప్పటిదో, గీతలూ ఎప్పటివో. ఊరు ఒకటే, దేశాలు రెండు. డచ్చి నేల మధ్యలో బెల్జియం ముక్కలు 22, వాటిలో కొన్నిటి లోపల మళ్ళీ డచ్చి ముక్కలు 7. ఇద్దరు మేయర్లు, రెండు పురపాలనలు. ఈ చిక్కు 1198లో బ్రబాంట్ ప్రభువు, బ్రేడా ప్రభువు భూములు పంచుకున్నప్పుడు మొదలైంది. అప్పట్లో అది ఎవరి పొలం పన్ను ఎవరికన్న గొడవ. శతాబ్దాల తరవాత ఆధునిక రాజ్యాలొచ్చి సరిహద్దు అంటే ఒకే గట్టి గీత అనుకునేసరికి, ఆ పొలాల గట్లే అంతర్జాతీయ సరిహద్దులయ్యాయి. రెండు పొలం ముక్కల గొడవ అంతర్జాతీయ న్యాయస్థానం దాకా వెళ్ళి, 1959లో తీర్పొచ్చింది. ఆఖరి ముక్క లెక్క తేలింది 1995లో.

పేవ్‌మెంట్ మీద తెల్ల శిలువ గుర్తుల వరస పోతుంటుంది, ఇటు ఎన్‌ఎల్, అటు బి. ఒక కాఫీ షాపు కుర్చీల కిందినుంచి, ఒక ఇంటి గోడలోకి పోయి అవతల తేలుతుంది. ఇంటి నంబరు పలకల మీద ఏ దేశమో జెండా రంగులుంటాయి. వీధి గుమ్మం ఏ దేశంలో ఉంటే ఇల్లు ఆ దేశానిది. అక్కడే పన్ను, అక్కడే ఓటు. ఒక ఇంటికి గీత సరిగ్గా గుమ్మం మధ్యలోంచి పోయింది. దానికి రెండు నంబర్లు, రెండు జెండాలు. మునుపు డచ్చివైపు రెస్టారెంట్లు ముందే మూసేయాల్సి వచ్చేదని, టైమవగానే గిరాకీలు బల్లలు బెల్జియంవైపు జరుపుకునేవాళ్ళని చెప్తారు. మొదటి ప్రపంచయుద్ధంలో బెల్జియంలో ఎక్కువభాగం జర్మన్ల చేతిలో ఉన్నా, తటస్థ నెదర్లాండ్స్‌ని దాటి రాలేక ఈ ముక్కలు వాళ్ళకి అందలేదు.

టూరిస్టులకిదంతా సరదా. నేను కూడా ఒక కాలు అటూ ఒక కాలు ఇటూ పెట్టి ఫోటో దిగాను. కానీ ఇక్కడ సరదాగా ఉండటానికి కారణం గీతలు కావు. ఇరువైపులా యూరో చెల్లుతుంది, పాస్‌పోర్టు అడిగేవాడు లేడు, రెండు ప్రభుత్వాలు ఒకదాన్నొకటి నమ్ముతాయి. ఇంతకంటే చిక్కుపడ్డ ముక్కలు కూచ్ బిహార్ పక్కన ఉండేవి. బంగ్లాదేశ్ లోపల భారత్‌వి 111, భారత్ లోపల బంగ్లాదేశ్‌వి 51. అక్కడి జనం తమ దేశం చేరాలంటే పరాయి దేశం దాటాలి. కరెంటు, బడి, పోలీసు ఏదీ తిన్నగా లేని బతుకు. 2015 జులై 31 అర్ధరాత్రి ఆ ముక్కల్ని రెండు దేశాలూ మార్చుకున్నాకే ఆ జనానికి ఫలానా దేశం వాళ్ళమని కాగితం చేతికొచ్చింది. గీతలు దాదాపు ఒకేలాంటివి. అక్కడ సరిహద్దు మనిషిని పట్టుకుంది, ఇక్కడ మనిషి సరిహద్దుని వాడుకుంటున్నాడు.

ఎంతగా వాడుకుంటాడంటే, 1995లో ఆఖరి గీత ఖాయమైనప్పుడు ఒక పెద్దావిడ ఇల్లు రాత్రికి రాత్రి దేశం మారే పరిస్థితి వచ్చిందట. ఆవిడ వకీలు దగ్గరికి పోలేదు, వడ్రంగిని పిలిపించింది. వీధి గుమ్మం తీసి కిటికీ ఉన్నచోట పెట్టించి, కిటికీని గుమ్మం ఉన్నచోటికి మార్పించి, తన దేశంలోనే ఉండిపోయింది. ఊళ్ళో అందరూ చెప్పే కథ ఇది. అక్క విని, "దేశం మారకుండా ఉండటానికి ఒక్క తలుపు ఖర్చేనా! నేను వీసా రెన్యువల్‌కి ఎంత పోశానో తెలుసా?" అని లెక్క చెప్పడం మొదలుపెట్టింది. బ్రేడా వచ్చేదాకా ఆ లెక్క తెగలేదు.